రేఖాయాత్రికుడు స్టాన్లీ విలియం హేటర్

కళాఖండాన్ని చూచి ఆనందించేవారు అనేకులు. అది ఎట్లా రూపొందిందని విచారించేవారు కొందరే. చిత్రం పూర్తియై, చట్రంలో ఇమిడి, గోడకు ఎక్కిన తరువాత దాని వెనుక చేతికి, పనిముట్టుకు, లోహానికి మధ్య జరిగిన పెనుగులాట కంటికి కనిపించదు. ఆ పెనుగులాటలోనే కళకు ప్రాణం ఉన్నదని నమ్మి, ఆ నమ్మకంతో ఇంచుమించు అరువది సంవత్సరాలు ఒక కార్యశాలను నడిపి, ఇరవయ్యవ శతాబ్దపు ముద్రణ చిత్రకళకు కొత్త దారి చూపిన మహనీయుడు స్టాన్లీ విలియం హేటర్. ఆయన జీవితం చిత్రకళాభిమానులకే గాక విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు కూడా పఠనీయమైనది. చిత్తూరు జిల్లాలో పుట్టిన ఒక తెలుగు కళాకారుడు, అలీగఢ్‌లో ఉర్దూ మాతృభాషగా పెరిగిన ఒక కళాకారిణి ఆ కార్యశాలలో పనిచేసి ప్రపంచఖ్యాతి పొందారన్న సంగతి మనకు మరింత ఆసక్తి కలిగిస్తుంది.

హేటర్ 1901 డిసెంబరు 27న లండన్ నగరంలోని హ్యాక్నీ ప్రాంతంలో జన్మించారు. తండ్రి చిత్రకారుడు. ఇంట్లో రంగుల వాసన మధ్య పెరిగినా ఆయన చదివింది మాత్రం రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం. లండన్‌లోని కింగ్స్ కళాశాలలో పట్టం పుచ్చుకొని, 1922లో ఆంగ్లో-పర్షియన్ ఆయిల్ కంపెనీలో ఉద్యోగిగా ఇరాన్ దేశంలోని అబాదాన్‌కు వెళ్ళారు. అక్కడ పగలు చమురు శుద్ధి పనులు, తీరిక వేళల్లో చిత్రలేఖనం. మూడేళ్ళపాటు ఈ విధంగా గడిచింది. 1925లో అనారోగ్యం వల్ల స్వదేశానికి తిరిగి వచ్చారు. అబాదాన్‌లో ఆయన వేసిన చిత్రాలను కంపెనీవారు లండన్ కార్యాలయంలో ప్రదర్శించగా చాలావరకు అమ్ముడుపోయాయి. స్థిరమైన జీతం ఒకవైపు, అనిశ్చితమైన కళ మరొకవైపు నిలిచాయి. ఆయన రెండవదానినే ఎంచుకొని 1926లో పారిస్ చేరారు. అయితే రసాయనశాస్త్రాన్ని ఆయన లండన్‌లో వదిలి రాలేదు. ఆమ్లం లోహాన్ని ఎట్లా కొరుకుతుంది, నూనె ఏ పాళ్ళలో ఉంటే సిరా ఎట్లా ప్రవర్తిస్తుంది అనే ప్రశ్నలు జీవితాంతం ఆయన వెంట నడిచాయి.

అప్పటికి ముద్రణ చిత్రకళ స్థితి ఏమిటో గ్రహిస్తేగాని హేటర్ సాధించినదాని విలువ తెలియదు. రాగిరేకు మీద గీతలు చెక్కి, వాటిలో సిరా నింపి, కాగితం మీద అచ్చొత్తే విద్య ఐరోపాలో పదిహేనవ శతాబ్దం నుండి ఉన్నది. డ్యూరర్ వంటి మహాశిల్పులు దానిని శిఖరాలకు చేర్చారు. కాని తరువాతి కాలంలో, తైలవర్ణ చిత్రాలకు నకళ్ళు తీసి పుస్తకాలలో వేయటానికి ఉపయోగపడే వృత్తిగా అది చాలావరకు దిగజారింది. ఛాయాచిత్రణం, దాని ఆధారంగా అచ్చువేసే యంత్రపద్ధతులు వచ్చాక ఆ నకళ్ళ అవసరం కూడా తీరిపోయింది. చేతి ఉలితో రాగిని చెక్కేవారు వేళ్ళమీద లెక్కపెట్టదగినంతగా తగ్గారు. అట్టివారిలో ఒకరు పోలండ్ దేశంలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన జోసెఫ్ హెక్ట్. ఆయన వద్ద హేటర్ బ్యూరిన్ అనే ఉలిని పట్టడం నేర్చుకొన్నారు. ఆ పరిచయం ఆయన జీవితాన్నే మలుపు తిప్పింది.

బ్యూరిన్ చిన్న ఉక్కు కడ్డీ. దాని మొన ఏటవాలుగా కోసి ఉంటుంది. పిడిని అరచేతిలో ఇముడ్చుకొని ముందుకు నెట్టాలి. కలాన్ని మనవైపు లాగవచ్చు, కుంచెను ఎటైనా తిప్పవచ్చు. బ్యూరిన్ మాత్రం ముందుకే పోతుంది. గీత వంపు తిరగవలసివస్తే తిరిగేది ఉలి కాదు, దాని కింద ఉన్న రాగిరేకు. కుడిచేయి ముందుకు నెడుతూ ఉండగా ఎడమచేయి రేకును నెమ్మదిగా తిప్పుతుంది. లేచిన రాగిపొట్టును గీకివేసి, గాడిలో సిరా రుద్ది, ఉపరితలాన్ని గుడ్డతో తుడిచి, తడిపిన కాగితాన్ని దానిపై పరచి, బరువైన రోలర్ల మధ్య నొక్కితే గాడిలోని సిరా కాగితంమీదికి ఎక్కుతుంది. అట్లా ఎక్కిన గీత చదునుగా ఉండదు. వేలితో తాకితే తెలిసేటంత ఎత్తుగా నిలుస్తుంది. పైగా కుడి ఎడమలు తారుమారవుతాయి. రేకు మీద చూచినదానికి, కాగితం మీద వచ్చినదానికి ఈ విధంగా ఎప్పుడూ ఒక అంతరం ఉంటుంది. ఆ అంతరమే హేటర్‌ను ఆకర్షించింది.

రేకు తిరుగుతూ ఉన్నప్పుడు చెక్కేవానికి పైన, కింద అనే దిక్కులు ఉండవు. గీతకు ఆవల నిలబడి దానిని చూడటం లేదు, గీతతో పాటు తానూ ప్రయాణం చేస్తున్నాడు. ఈ అనుభవం నుండి హేటర్ ఒక సిద్ధాంతాన్ని రూపొందించుకొన్నారు. గీత అంటే ఏదో ఒక వస్తువు చుట్టూ గీసిన హద్దు కానక్కరలేదు. అది శూన్యంలో సాగే మార్గం కావచ్చు, వేగం కావచ్చు, లోతు కావచ్చు. ముందుగా బొమ్మను నిర్ణయించుకొని దానిని రాగిమీదికి ఎక్కించడం ఆయన పద్ధతి కాదు. మొదట గీతను స్వేచ్ఛగా పోనిచ్చి, అది సూచించిన దారిని పట్టి, ఒక్కొక్క దశలో అచ్చు తీసి చూచుకొని, మరల చెక్కేవారు. అంతరంగంలోని అచేతన భాగానికి విలువ ఇచ్చిన అధివాస్తవికవాదులతో 1930ల దశకంలో ఆయనకు సన్నిహిత సంబంధం ఏర్పడటానికి ఇదే కారణం. ఆయన చిత్రాలలో మానవాకృతులు కొన్నిసార్లు లీలగా కనిపిస్తాయి, కొన్నిసార్లు పూర్తిగా కరిగిపోయి గీతల అల్లిక మాత్రమే మిగులుతుంది. అమూర్తత ఆయనకు ముందుగా పెట్టుకొన్న నియమం కాదు. పని సాగిన తీరులో నుండి పుట్టిన ఫలితం.

1927లో ఆయన పారిస్‌లో తన కార్యశాలను ప్రారంభించారు. 1933లో అది కాంపాఞ్ ప్రెమియేర్ అనే వీధిలోని 17వ నంబరు ఇంటికి మారింది. ఆ నంబరే పేరుగా స్థిరపడి 'అతెలియే 17' లోకప్రసిద్ధమైంది. అది పాఠశాల కాదు. గురువు ఎత్తుపీట మీద కూర్చుండి పాఠం చెప్పే చోటు కాదు. పికాసో, మీరో, మాక్స్ ఎర్న్‌స్ట్, జియాకొమెట్టి, తంగీ వంటి లబ్ధప్రతిష్ఠులు, నిన్న మొన్న వచ్చిన యువకులు ఒకే బల్ల వద్ద, ఒకే అచ్చుయంత్రం మీద పనిచేశారు. ఒకరు కనుగొన్న కిటుకు సాయంకాలానికి అందరిదీ అయ్యేది. వృత్తిరహస్యాలను దాచుకొనే సంప్రదాయానికి ఇది పూర్తిగా విరుద్ధం. కొత్తగా చేరినవారు మొదట ఏ బొమ్మా తలపెట్టకుండా ఒక రేకు తీసుకొని దానిపై ఉలిని, ఆమ్లాన్ని, గుడ్డల ఒరపులను రకరకాలుగా ప్రయోగించి చూడవలసి ఉండేది. పదార్థం ఏమి చెబుతుందో విన్న తరువాతనే మనిషి తన మాట చెప్పాలన్నది అక్కడి నీతి.

ఈ కార్యశాల లోకంతో సంబంధం లేని ఏకాంత దీవి కాదు. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం చెలరేగింది. అదే సంవత్సరం హేటర్ 'కొంబా' అనే పెద్ద చెక్కడపు చిత్రాన్ని పూర్తిచేశారు. ఆ పేరుకు పోరాటమని అర్థం. ఒకదానినొకటి చీల్చుకొంటూ పోయే గీతలే అందులో సైన్యాలు. స్పెయిన్ గణతంత్రానికి సంఘీభావంగా 1938లో 'సాలిదారితె', యుద్ధబాధితులైన బాలలకు సహాయంగా 1939లో 'ఫ్రటెర్నిటీ' అనే రెండు చిత్రసంపుటాలు ఈ కార్యశాల నుండి వెలువడ్డాయి. మొదటిదానికి ఫ్రెంచి కవి పాల్ ఎల్యువార్, రెండవదానికి ఆంగ్లకవి స్టీఫెన్ స్పెండర్ కవితలు అందించారు. ఒక రేకు నుండి అనేక ప్రతులు తీయవచ్చునన్న ముద్రణకళ స్వభావం ఇక్కడ దానధర్మానికి సాధనమైంది. అమూర్త చిత్రకారులకు ప్రజల కష్టసుఖాలు పట్టవని తలచేవారు ఈ రెండు సంపుటాలను జ్ఞాపకం ఉంచుకోవాలి.

రెండవ ప్రపంచయుద్ధం మొదలుకాగానే హేటర్ పారిస్‌ను విడిచారు. కొంతకాలం ఇంగ్లండులో ఉండి, శత్రువుల కంట పడకుండా కర్మాగారాలకు మరుగురంగులు వేసే పరిశోధనలో పాల్గొని, 1940లో అమెరికా వెళ్ళారు. న్యూయార్క్‌లోని న్యూ స్కూల్ ఫర్ సోషల్ రీసెర్చ్ సంస్థలో కార్యశాలను తిరిగి నెలకొల్పారు. యుద్ధం వల్ల చెల్లాచెదరైన ఐరోపా కళాకారులు, వారిని దూరం నుండి మాత్రమే ఎరిగిన అమెరికా యువకులు అక్కడ కలుసుకొన్నారు. 1944లో న్యూయార్క్ ఆధునిక కళాప్రదర్శనశాల ఈ కార్యశాల చిత్రాలను ప్రదర్శించింది. తరువాత నేలమీద పరచిన కాన్వాసుపై రంగులు చిలకరించి ప్రపంచఖ్యాతి గడించిన జాక్సన్ పొలాక్ 1944-45లో ఇక్కడికి వచ్చి రాగిరేకులు చెక్కారు. వాటిలో కొన్నింటి ప్రతులు ఆయన మరణానంతరం 1967లో వెలువడ్డాయి. న్యూయార్క్ శాఖలో తొంబైమందికి పైగా స్త్రీలు పనిచేశారన్నది విశేషం. బరువైన యంత్రం, ఘాటైన ఆమ్లం స్త్రీలకు తగినవి కావన్న అపోహను వారి పనే తొలగించింది. లూయీజ్ బూర్జువా వారిలో ఒకరు. ఇక్కడ పనిచేసిన మారిసియో లసాన్‌స్కీ 1945లో అయోవా విశ్వవిద్యాలయంలో ముద్రణ చిత్రకళా విభాగాన్ని ప్రారంభించారు. ఈ విధంగా కార్యశాల విద్య విశ్వవిద్యాలయాలకు వ్యాపించింది.

1946వ సంవత్సరం హేటర్ జీవితంలో మరపురానిది. ఆ ఏట ఆయన కుమారుడు డేవిడ్ క్షయవ్యాధితో మరణించాడు. ఆ ఏటనే ఆయన 'సేంక్ పెర్సొనాజ్', అనగా ఐదుగురు వ్యక్తులు, అనే చిత్రాన్ని పూర్తిచేశారు. రంగుల ముద్రణలో అది ఒక మైలురాయి. అంతకు పూర్వం ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రేకు చెక్కి, ఒకదాని తరువాత ఒకటిగా కాగితంమీద అచ్చువేసేవారు. రేకులు ఏమాత్రం జరిగినా చిత్రం చెడిపోయేది. హేటర్ ఒకే రేకు గాళ్ళలో నల్లసిరా నింపి, అదే రేకు పైభాగంపై పట్టుతెర ద్వారా మూడు రంగులు పూసి, ఒకేసారి అచ్చొత్తారు. నారింజ, ఊదా, ఆకుపచ్చ రంగుల మధ్య పెనవేసుకొని తిరిగే గీతలలో శరీరాలు, చేతులు కనిపించి మరుగవుతాయి. ఆయన అక్కడక్కడ రాగిని లోతుగా తొలిచివేయగా, సిరా అంటని ఆ చోట్లు కాగితంమీద తెల్లగా, ఉబ్బెత్తుగా నిలిచాయి. తండ్రి దుఃఖానికి విలాపగీతం వ్రాయలేదు. చేతనైన పనిని మరింత నిష్ఠతో చేశారు. పుత్రశోకం ఎరిగినవారికి ఆ తెల్లని ఖాళీల అర్థం వేరుగా చెప్పనక్కరలేదు.

1949లో ఆయన తన అనుభవాన్నంతటినీ 'న్యూ వేస్ ఆఫ్ గ్రావ్యూర్' అనే గ్రంథంగా వెలువరించారు. 1950లో పారిస్‌కు తిరిగి వచ్చి కార్యశాలను పునరుద్ధరించారు. ఇక్కడినుండి ఈ కథలోకి మన భారతీయులు ప్రవేశిస్తారు.

కృష్ణారెడ్డి 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో జన్మించారు. శాంతినికేతనంలో నందలాల్ బోస్ శిష్యరికం చేసి, మద్రాసు కళాక్షేత్రంలో కొంతకాలం బోధించి, లండన్‌లో చదువుకొని, పారిస్‌లో జాడ్కిన్ వద్ద శిల్పవిద్య నేర్చారు. స్వతహాగా శిల్పి అయిన ఆయన అతెలియే 17లో చేరి రాగిరేకును పలుచని కాగితంలా గాక పల్లపు శిల్పంలా భావించి తొలిచారు. అక్కడే బొంబాయికి చెందిన కైకో మోతీ కూడా ఉన్నారు. 1950ల దశకంలో వీరు, హేటర్ కలిసి చేసిన ప్రయోగాల ఫలితమే స్నిగ్ధతా పద్ధతి అని పేర్కొనబడే రంగుల ముద్రణ.

దాని సూత్రం విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు సుబోధకం. నూనె పాలు ఎక్కువైతే సిరా పలుచన, తక్కువైతే చిక్కన. రేకును ఆమ్లంతోను, పనిముట్లతోను వేర్వేరు లోతులకు తొలుస్తారు. అట్టడుగు గాళ్ళలో ఒక రంగు నింపి పైభాగాన్ని తుడుస్తారు. పిమ్మట పలుచని సిరా పూసిన గట్టి రోలరును దొర్లిస్తే అది మెట్టభాగాలను మాత్రమే తాకుతుంది. తరువాత చిక్కని సిరా పూసిన మెత్తని రోలరును అదిమి దొర్లిస్తే అది పల్లాలలోకి దిగి అక్కడ అంటుకొంటుంది. మెట్టభాగాన ఇదివరకే ఉన్న నూనెసిరా దానిని తనపై అంటనీయదు. ఈ విధంగా రంగులు కలగాపులగం కాకుండా ఒకే రేకుపై పక్కపక్కన నిలిచి, ఒక్క ఒత్తుడులో కాగితానికి ఎక్కుతాయి. అబాదాన్‌లో చమురు పనిచేసిన రసాయనశాస్త్రజ్ఞుని జ్ఞానం, చిత్తూరు శిల్పి చేతి అనుభవం ఈ రేకుమీద కలుసుకొన్నాయి.

ఈ ఆవిష్కరణ ఎవరిదన్న ప్రశ్న కళాచరిత్రలో తరచు తలెత్తుతుంది. కొందరు హేటర్ పేరు చెబుతారు. కొందరు కృష్ణారెడ్డి, మోతీల పేర్లు ముందుంచుతారు. పాశ్చాత్య గ్రంథాలలో చాలాకాలం భారతీయుల పాత్రకు తగినంత చోటు దక్కలేదన్నది నిజం. ఆ కొరతను సవరించటం మన కర్తవ్యం. అయితే పది చేతులు ఒకే బల్లపై పనిచేసిన చోట ఒక్క పేరును ఏరి తీయడం ఆ కార్యశాల స్వభావానికే విరుద్ధం. కృష్ణారెడ్డి 1960ల దశకంలో అతెలియే 17కు సహనిర్దేశకులయ్యారు. 1968 నాటి పారిస్ విద్యార్థి ఉద్యమం ఆయన 'డెమాన్‌స్ట్రేటర్స్' చిత్రానికి ప్రేరణ అయింది. భారత ప్రభుత్వం 1972లో ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. 2018లో న్యూయార్క్‌లో ఆయన కన్నుమూశారు.

మరొకరు జరీనా హాష్మీ. 1937లో అలీగఢ్‌లో జన్మించి, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో గణితశాస్త్ర పట్టభద్రురాలై, 1960ల దశకంలో హేటర్ కార్యశాలలో శిక్షణ పొందారు. రంగుల ప్రాభవం గల ఆ చోట చదివినా ఆమె తన దారి తాను వెతుక్కొన్నారు. కొద్దిపాటి గీతలు, తెల్లని కాగితం, నలుపు - ఇవే ఆమె సంపద. 1999లో ఆమె వెలువరించిన 'హోమ్ ఈజ్ ఎ ఫారిన్ ప్లేస్' అనే 36 కొయ్యచెక్కడపు చిత్రాల మాలలో ప్రతి చిత్రానికి ఒక ఉర్దూ పదం తోడై ఉంటుంది. ఇల్లు, గడప, ఆకాశం వంటి భావాలు సరళరేఖలుగా మారి మనముందు నిలుస్తాయి. దేశవిభజన వల్ల చెదిరిన కుటుంబాల వేదన ఆ గీతలలో ఇమిడి ఉన్నది. ఆమె 2020లో లండన్‌లో మరణించారు. గురువుకు నకలుగాని శిష్యులను తయారుచేయటమే గురుత్వానికి పరీక్ష అయితే, హేటర్ ఆ పరీక్షలో నెగ్గారనటానికి ఈ ఇద్దరే చాలు.

హేటర్‌పై విమర్శలు లేకపోలేదు. పద్ధతిమీది మోజులో కార్యశాల చిత్రాలు కొన్ని విషయశూన్యమైనాయని, ఎవరి చిత్రం ఎవరిదో పోల్చుకోలేనంతగా ఒకే తీరున ఉన్నాయని కొందరన్నారు. సాధనాన్ని సాధ్యంగా భ్రమించే ప్రమాదం ఏ విద్యలోనైనా ఉన్నదే. కాని ప్రక్రియకు విలువ ఇవ్వడమంటే కిటుకులను పోగుచేయడం కాదు. పని జరుగుతుండగా కొత్త విషయం బోధపడినప్పుడు, ముందు అనుకొన్నదానిని విడనాడి దానిని అనుసరించే ధైర్యం కలిగి ఉండటం. హేటర్ తన పనిలో ఆ ధైర్యాన్ని విడువలేదు. వృద్ధాప్యంలో నీటి అలలను, వాటి లయను గమనించి, ప్రకాశవంతమైన వర్ణాలలో పరస్పరం ఖండించుకొనే తరంగరేఖలను చెక్కారు.

1958 వెనిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో బ్రిటన్ పక్షాన ఆయన చిత్రాలకు స్థానం లభించింది. 1962లో 'అబౌట్ ప్రింట్స్' అనే మరొక గ్రంథం వెలువడింది. ఫ్రాన్సు, బ్రిటన్ ప్రభుత్వాలు రెండూ ఆయనను బిరుదులతో సత్కరించాయి. 1988 మే 4న ఎనభైయారేళ్ళ వయసులో పారిస్‌లో మరణించేవరకు ఆయన చేయి పని మానలేదు. ఆయన తరువాత కార్యశాల అతెలియే కాంత్రపువాన్ అనే కొత్త పేరుతో కొనసాగింది.

విద్యార్థులమైన మనకు ఈ జీవితం ఏమి చెబుతుంది? మనం ఫలితాలకు అలవాటుపడినవారం. మార్కుల పట్టికలో అంకె కనిపిస్తుంది గాని, ఆ అంకెకు ముందు రాత్రులు మేల్కొని కొట్టివేసిన కాగితాలు కనిపించవు. ప్రయోగశాలలో జవాబు ముందే తెలుసుకొని దానికి తగినట్టు కొలతలు వ్రాసుకొనేవారికి జవాబు దక్కవచ్చు, విద్య దక్కదు. హేటర్ రేకుమీద తొలి గీత గీసేటప్పుడు చివరి రూపం ఏమిటో ఆయనకే తెలియదు; ప్రతి దశలోనూ అచ్చు తీసి, లోపాన్ని కళ్ళారా చూచి, మరల పనికి కూర్చున్నారు. తాను నేర్చినదానిని పక్కవానికి దాచకుండా చూపారు. భాష, దేశం, స్త్రీపురుష భేదం అడగకుండా బల్ల దగ్గర చోటిచ్చారు. తెలుగు, ఉర్దూ పక్కపక్కన వినిపించే మన కళాశాల ఆవరణలో ఈ గుణం అన్నిటికంటె ముందుగా గ్రహింపదగినది. ఒకే రేకుమీద వేర్వేరు రంగులు ఒకదానినొకటి చెరపకుండా నిలవగలవని ఆయన కార్యశాల చేతలతో నిరూపించింది. ఆ నిరూపణకు కావలసినవి మూడే: పదార్థంపట్ల గౌరవం, తోటివానిపై నమ్మకం, తొందరపడని చేయి.